అరకుని దత్తత తీసుకోవద్దు

(మన ఫోరం త్రైమాసిక సమావేశంలో నేను చేసిన ప్రసంగ పాఠం ఇది. మాట్లాడినదాన్నే కాస్త సరిచేసి రాశాను. తర్వాత వచ్చిన ప్రశ్నల్లో రెండు ముఖ్యమైనవి చివర చేర్చాను.)



పోయిన సమావేశంలో మన సభ్యులు కొందరు ఒక ప్రతిపాదన తెచ్చారు. అరకు లోయలో ఒక గూడేన్ని మన ఫోరం దత్తత తీసుకోవాలని, అక్కడ ఒక బడి గది, ఒక మంచినీళ్ళ ట్యాంకు, నాలుగు సోలార్ దీపాలు పెట్టించాలని. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాది విశాఖపట్నం కాబట్టి ఆ ప్రాంతం గురించి పావుగంట మాట్లాడమని కమిటీ వారు నాకు పని అప్పజెప్పారు. అప్పట్నించి రెండు నెలలు కూర్చుని చదివాను, అటువైపు పనిచేసే ఇద్దరు ముగ్గురితో ఫోన్లో మాట్లాడాను. దాంతో నా అభిప్రాయం మారింది. ఆ ప్రతిపాదనని మార్చమని అడగడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను. డబ్బు ఇవ్వొద్దని నేననడం లేదు. ఆ "దత్తత" అనే మాటతోనే నాకు పేచీ. ఎందుకో చెప్తాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

ఇంజనీరింగు చదివేటప్పుడు మా బ్యాచి అంతా కిరండూల్ పాసెంజరెక్కి అరకు వెళ్ళాం. సొరంగం వచ్చినప్పుడల్లా అరిచాం, వలిసె పూల చేలల్లో దిగి ఫోటోలు తీసుకున్నాం, బొంగు చికెన్ తిన్నాం, డబ్బులిచ్చి థింసా ఆడించుకున్నాం. ఆ చేను ఎవరిది, తొక్కితే ఎవరికి నష్టం అన్న ఆలోచన మాలో ఒక్కడికీ రాలేదు. అది కుర్రతనం అనుకుందాం. 2016లో చేసింది మాత్రం కుర్రతనం కాదు. అప్పటికి నేనిక్కడ ఉద్యోగంలో ఉన్నాను. పాత మిత్రుడొకడు ఫోన్ చేసి, "అరకు దగ్గర మూడెకరాలుందిరా, ఐదుగురం కలిసి కాటేజీలు కడదాం, రిజిస్ట్రేషన్ మాత్రం లోకల్ మనిషి పేరు మీద ఉంటుంది, అదంతా అందరూ చేసేదే" అన్నాడు. నేను నా వాటా పంపించాను.

ఆ ఏడాది సెలవుల్లో స్థలం చూడ్డానికి వెళ్ళాం. ఎవరి పేరు మీద కొంటున్నామో ఆ కుర్రాడే మమ్మల్ని తీసుకెళ్ళాడు. పక్క చేలో చోడి కోస్తున్న ముసలామె ఒకావిడ పని ఆపి ఆ కుర్రాణ్ణి ఏదో అడిగింది. తెలుగు కాదు, ఆదివాసీ ఒరియా. ఏమంటోందని నేనడిగితే అతను కాసేపు నసిగి, "మీరు ఆఫీసర్లా అని అడుగుతోంది సార్. ఆఫీసర్లయితే రోడ్డు సంగతి చెప్పమంటోంది" అన్నాడు. నువ్వేమన్నావని అడిగాను. "ఔనని చెప్పాను సార్" అన్నాడు. మేం ఎవరిమో ఉన్నదున్నట్టు చెప్పడానికి అతనికి మొహం చెల్లలేదు. ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని 1/70 చట్టం గురించి మొదటిసారి చదివాను. రేపు కేసంటూ వస్తే ఆ కుర్రాడి పేరు మీద వస్తుంది, మేం అమెరికాలో ఉంటాం. నా వాటా వద్దనుకుని బయటికొచ్చాను. డబ్బు తిరిగి రాలేదు. అడిగే మొహం కూడా నాకు లేదు.

ఇహ విషయానికొస్తాను.

మనకి వాళ్ళిచ్చింది

అరకు లోయ విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో, తూర్పు కనుమల నడుమ ఉంది. చుట్టూ అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట మండలాలు, ఇంకా పైకి పెదబయలు, ముంచింగిపుట్టు, పక్కనే ఒడిశా కోరాపుట్ జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

దత్తత అనగానే మనం ఇచ్చేవాళ్ళం, వాళ్ళు పుచ్చుకునేవాళ్ళు అన్న లెక్క వచ్చేస్తుంది. ఆ లెక్క ఒకసారి సరిచూద్దాం.

నేను విశాఖలో పెరిగాను. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో బొర్రా గుహల ప్రాంతంలో పుడుతుంది. దాని మీద తాటిపూడి రిజర్వాయరు. శారదా నది కూడా ఆ కొండల్లోనే పుడుతుంది. ఆ నీళ్ళతో రైవాడ రిజర్వాయరు. ఈ రెండు రిజర్వాయర్ల నీళ్ళూ విశాఖ నగరం తాగుతుంది. అంటే నేను పుట్టినప్పట్నించీ తాగినవి ఆ కొండల నీళ్ళే.

అటుపక్క మాచ్‌ఖండ్. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టిన ఆ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. దానికోసం జోలాపుట్ జలాశయం కింద గిరిజన గ్రామాలు మునిగాయి. కరెంటు మైదానానికి వచ్చింది. ఆ చుట్టుపక్కల గూడేలు ఎన్నో దశాబ్దాలు కిరసనాయిలు బుడ్డితోనే గడిపాయి.

మనం అరుచుకుంటూ వెళ్ళిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం సంగతి చూడండి. 58 సొరంగాలు తవ్వి వేసిన ఆ దారి టూరిస్టుల కోసం వేసింది కాదు. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కణ్ణించి జపాన్‌కి చేర్చడానికి 1960లలో వేసింది. నీళ్ళు, కరెంటు, ఖనిజం అన్నీ కిందకే దిగాయి. పైకెక్కింది ఏమిటంటే షావుకారు, ఫారెస్టు గార్డు, ఆ తర్వాత మనలాంటి టూరిస్టు. అంచేత ఈ ఖాతాలో బాకీ ఉన్నది మనం.

అక్కడున్నది ఎవరు

"అరకు గిరిజనులు" అని మనం ఒక్క ముక్కలో తేల్చేస్తాం. అక్కడ బగతలు, కొండదొరలు, వాల్మీకులు, నూకదొరలు, కోటియాలు, కమ్మరలు ఉన్నారు. సామంతులని కూడా పిలిచే ఖోందులు, గదబలు, పోర్జలు ఉన్నారు. ఈ చివరి మూడు తెగల్నీ ప్రభుత్వం ప్రత్యేకంగా వెనుకబడ్డ తెగలుగా గుర్తించింది. ఒకరిది కూవి భాష, ఒకరిది గదబ, ఒకరిది పోర్జ. సంతలో అందరూ కలిసినప్పుడు ఆదివాసీ ఒరియా, దానితోపాటు తెలుగు. ఒక మామూలు సంతలో ఒక మామూలు ఆడమనిషి మూడు భాషల్లో బేరమాడుతుంది. అలాంటి వాళ్ళ పిల్లలు బళ్ళో తెలుగు వాచకం చదవలేకపోతే మనం "వెనుకబడ్డ పిల్లలు" అంటాం. ఇక్కడ మన పిల్లలు రెండు భాషలు మాట్లాడితే పదిమందిలో చెప్పుకుంటాం.

అందరూ కలిసిమెలిసి ఉంటారని కథలు చెప్పను. తెగకీ తెగకీ మధ్య ఎక్కువ తక్కువలున్నాయి, ఉద్యోగాల్లో, రాజకీయాల్లో పోటీ ఉంది. ఊరంటే అన్నిచోట్లా అంతే.

ఇరుగుపొరుగు సంగతి చెప్పాలంటే రెండు ఉదాహరణలు చాలు. మొదటిది కొటియా. సాలూరు మండలంలో ఒడిశా సరిహద్దు మీద 21 గ్రామాలున్నాయి. ఇవి ఎవరివన్న దానిమీద రెండు రాష్ట్రాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టు కెక్కింది. 2006లో కోర్టు ఆ దావాని తేల్చకుండానే ముగించింది, యథాతథ స్థితి మిగిలింది. 2021లో పంచాయతీ ఎన్నికల సందర్భంగా తగాదా మళ్ళీ కోర్టుకి వెళ్ళింది. అక్కడివాళ్ళకి రెండు రాష్ట్రాల రేషను కార్డులూ ఉన్నాయి, రెండు రాష్ట్రాల ఓట్లూ ఉన్నాయి. మనకి ఇది నవ్వులాటగా ఉంటుంది గానీ, రెండు ప్రభుత్వాలు పోటీపడి బోర్డులు పాతే ఊళ్ళో భూమి పట్టా ఎవరి దగ్గర తీసుకోవాలో తెలియకపోవడం నవ్వులాట కాదు.

రెండోది కొండల కిందున్న గూడేలు. అనకాపల్లి జిల్లాలో రోలుగుంట, రావికమతం, గొలుగొండ, మాడుగుల, దేవరాపల్లి వంటి మండలాల్లో ఆదివాసీ గూడేలెన్నో ఐదో షెడ్యూలు గీత బయట పడిపోయాయి. కొండ మీద మేనమామ భూమికి చట్టం రక్ష ఉంది, కొండ కింద మేనల్లుడి భూమికి లేదు. ఆ గూడేల్ని షెడ్యూలులో చేర్చమని దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు.

ఆ చట్టం కథ

మన ఫోరం రాజకీయ ఫోరం కాబట్టి ఈ భాగం మీద కాస్త నిలబడతాను.

ఏజెన్సీ భూములు బయటివాళ్ళ చేతికి పోకూడదని బ్రిటిషు వాళ్ళే 1917లో ఒక చట్టం చేశారు. అయినా ఐదేళ్ళకే మన్యం భగ్గుమంది. అడవి చట్టాలు పోడుని ఆపాయి, రోడ్డు పనికి వెట్టిగా తోలారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడంటే వెనక ఆ కడుపుమంట ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో భూమి బదలాయింపు రెగ్యులేషన్ చేశారు. దానికి 1970లో చేసిన సవరణే 1/70. దాని సారాంశం ఇది: షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడికి బదిలీ చేస్తే చెల్లదు. ఆఖరికి ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదే అని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించాల్సిన బాధ్యత పట్టుకున్నవాడిది.

ఇహ 1990లలో బొర్రా చుట్టుపక్కల 14 గ్రామాల పరిధిలో ప్రభుత్వం ప్రైవేటు వాళ్ళకి గనుల లీజులు ఇచ్చింది. తమ పొలాల మీద తామే కూలీలైన అక్కడి ఆదివాసీల తరఫున సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకి వెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టులో 1997 జూలై 11న గెలిచారు. కోర్టు ముందున్న ప్రశ్న చిన్నది. "వ్యక్తి గిరిజనేతరుడికి భూమి ఇవ్వకూడదు" అన్నప్పుడు ఆ "వ్యక్తి"లో ప్రభుత్వం ఉందా లేదా? ఉందని మెజారిటీ తీర్పు. అంటే షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమి అయినా సరే, సర్కారే అయినా సరే, గిరిజనేతర కంపెనీకి లీజుకివ్వడానికి వీల్లేదు. ప్రభుత్వ సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘం గానీ తవ్వుకోవచ్చు. గనుల నుంచి వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి.

ఒక్క పదానికి అర్థం ఏమిటన్న దానిమీద ఒక లోయ నిలబడింది. మనం రోజూ కోడులో ఒక్క కండిషన్ తప్పితే ఏమవుతుందో చూస్తుంటాం కదా, మనకి ఇది బాగా అర్థం కావాలి.

ఆ తీర్పు తర్వాత కూడా తలుపు వెనకనించి ప్రయత్నాలు ఆగలేదు. 2005లో జిందాల్ తోను, 2007లో గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమా ప్రభుత్వంతోను బాక్సైటు ఒప్పందాలు జరిగాయి. తవ్వేది ప్రభుత్వ సంస్థ, వాడుకునేది ప్రైవేటు రిఫైనరీ అన్న పద్ధతి. గాలికొండ, రక్తకొండ పేర్లు అప్పుడే పేపర్లలో చదివాం. 2015 నవంబరులో జి.ఓ. 97 ద్వారా చింతపల్లి వైపు వెయ్యి హెక్టార్లకి పైగా అడవిని బాక్సైటుకి మళ్ళించారు. మన్యమంతా లేచింది, జి.ఓ.ని పక్కన పెట్టారు, 2019లో రద్దు చేశారు. ఆ కొండల నెత్తిమీద బాక్సైటు పొర వాన నీటిని పట్టి ఉంచి ఊటలుగా వదులుతుంది. అది తీసేస్తే ఊటలు ఏమవుతాయన్నది అక్కడి వాళ్ళ ప్రశ్న. తాటిపూడి, రైవాడ నీళ్ళు తాగే మనది కూడా అదే ప్రశ్న కావాలి.

2025 జనవరిలో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడిదారుల సమావేశంలో 1/70ని సవరించాలన్న మాట శాసనసభ స్పీకరు నోటివెంట వచ్చింది. ఫిబ్రవరిలో మన్యంలో 48 గంటల బంద్ జరిగింది. చట్టాన్ని మార్చే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. ఈసారి ఆ చట్టం మీద ఒత్తిడి గనుల వైపునించి రాలేదు, రిసార్టుల వైపునించి వచ్చింది. రిసార్టులు ఎవరి కోసం? ఎవరి పెట్టుబడితో? 2016లో నేను పంపిన వాటా ఆ ఒత్తిడిలో ఒక చిన్న పాయ.

కాఫీ లెక్క

అంతా బాధలే కాదు, సంతోషించాల్సింది ఒకటుంది. పోడు కొండల మీద సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకి మిరియాల తీగ. ఐటీడీఏ, కాఫీ బోర్డు, ఆ తర్వాత నాంది ఫౌండేషన్, గిరిజన సహకార సంస్థ కలిసి దశాబ్దాలు పట్టుదలగా చేసిన పని ఇది. ఇవాళ పాడేరు ఏజెన్సీలో రెండు లక్షల ఎకరాలకి పైగా కాఫీ ఉంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రైతు చాలావరకు ఎకరం రెండెకరాల వాడే. భూమి అతని చేతిలో ఉంది కాబట్టే కాఫీ అతనిదైంది. ఆ చట్టమే లేకపోతే ఈపాటికి అతను అదే తోటలో కూలీ.

కానీ ఒక లెక్క వేశాను. సుమారు ఆరు కిలోల ఎర్రటి పండు కోసి, తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెడితే ఒక కిలో పచ్చి గింజ. వేయించాక తూకం తగ్గి ఓ యాభై కప్పులు. మనమిక్కడ కప్పుకి ఐదు డాలర్లిస్తే రెండు వందల యాభై డాలర్లు. అందులో దుకాణం అద్దె, జీతాలు, రవాణా పోగా కొండమీదికి ఎంత ఎక్కుతోంది? అది రైతు పండుగా అమ్మాడా, ఎండబెట్టి సంతలో షావుకారుకి అమ్మాడా, కడిగి శుభ్రం చేసిన గింజగా సంఘానికి అమ్మాడా అన్నదాని మీద ఉంటుంది. సంతలో ముందే అప్పు తెచ్చుకున్నవాడికి బేరమాడే వీలుండదు. 2025లో ఆ లోయలో బెర్రీ బోరర్ పురుగు కూడా కనిపించింది. పండులోకి దూరి గింజని తొలిచే పురుగు. రెండెకరాల వాడికి ఒక్క ఏడు పంట పోతే మళ్ళీ అప్పు, మళ్ళీ షావుకారు.

రోడ్డు, బడి

ఆ ముసలామె అడిగిన రోడ్డు సంగతి. గూడేనికి రోడ్డు లేకపోతే నెలలు నిండిన మనిషిని దుప్పట్లో పడుకోబెట్టి, కర్రకి కట్టి, ఇద్దరు భుజాన మోసుకుంటూ కొండ దిగుతారు. దాన్ని డోలీ అంటారు. మీలో చాలామంది ఆ వీడియోలు చూసే ఉంటారు. 2025 ఏప్రిల్‌లో "అడవి తల్లి బాట" పేరుతో ప్రభుత్వం రోడ్ల పని మొదలుపెట్టింది. మంచిదే. ఎన్ని గూడేలకి రోడ్డు పూర్తయిందని అడుగుతూ ఉండటం మనలాంటి వాళ్ళ పని.

బడి సంగతి. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలు వంద శాతం స్థానిక గిరిజనులకే అని 2000లో జి.ఓ. 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వంద శాతం రిజర్వేషను రాజ్యాంగబద్ధం కాదని. ఆ వాదన నాకు అర్థమవుతుంది. కానీ కూవి మాట్లాడే ఆరేళ్ళ పిల్లకి, కూవి ఒక్క ముక్క రాని మైదానం టీచరు, అదీ బదిలీ కోసం రోజులు లెక్కపెట్టే టీచరు వస్తే ఏం జరుగుతుందో కూడా అర్థమవుతుంది. మనం కట్టించే బడి గది ఆ సమస్యని తీర్చదు. మన పేరు రాసిన గోడ మాత్రం మిగులుతుంది.

అంచేత నా ప్రతిపాదన

దత్తత ఇవ్వాలంటే ఇచ్చేవాళ్ళుండాలి. కన్నవాళ్ళు ఉండగా, వాళ్ళని అడక్కుండా, వేల మైళ్ళ అవతల ఒక హాల్లో కూర్చుని మనం దత్తత తీసేసుకుంటామా? ఆ గూడేనికి గ్రామసభ ఉంది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఆ సభకి అధికారాలిచ్చాయి. వాళ్ళు దిక్కులేని వాళ్ళు కారు, హక్కుదారులు. అంచేత తీర్మానాన్ని ఇలా మార్చమని కోరుతున్నాను:

1. షెడ్యూల్డు ప్రాంతాల్లో బినామీ పేర్లతో భూమి కొనమని, అలాంటి వెంచర్లలో వాటాలు తీసుకోమని మన సభ్యులం రాతపూర్వకంగా మాట ఇవ్వాలి. ఇప్పటికే ఉన్నవాళ్ళు బయటికి రావాలి. నా సంతకం మొదటిది.

2. డబ్బు ఇచ్చేముందు గ్రామసభని అడగాలి. ఏం కావాలో వాళ్ళు చెప్పాలి, వాళ్ళ భాషలో చెప్పే వీలుండాలి. ట్యాంకు కాదు, అటవీ హక్కుల పట్టాకి సర్వే చేయించడానికి సాయం కావాలంటే అదే చెయ్యాలి.

3. మన చేతిలో ఉన్న పని మనం చెయ్యాలి. మ్యాపులు, రికార్డులు, సమాచార హక్కు దరఖాస్తులు, జి.ఓ.ల అనువాదాలు. ఇవి మనకి శనివారం పని. అక్కడ ఒక లాయరుకి నెల రోజుల పని.

4. అరకు కాఫీ కొనండి. కొన్నప్పుడల్లా రైతుకి కిలోకి ఎంత ముట్టిందని కంపెనీకి ఒక ఈ-మెయిలు రాయండి.

5. కొండ కింది గూడేల్ని షెడ్యూలులో చేర్చాలని, తల్లిభాష తెలిసిన టీచర్ల కోసం కోర్టు తీర్పుకి లోబడే కొత్త చట్టం చెయ్యాలని మన ప్రతినిధుల్ని అడగాలి. మనం పిలిస్తే ఇక్కడి సభలకి వచ్చి శాలువాలు కప్పించుకుని వెళ్తారు కదా, శాలువాతోపాటు ఆ కాగితం కూడా ఇద్దాం.

ప్రశ్నలు

ఒక పెద్దాయన అడిగారు: "భూమి అమ్ముకునే స్వేచ్ఛ లేకపోతే వాళ్ళకి అప్పెలా పుడుతుంది? ఈ చట్టమే వాళ్ళని పేదలుగా ఉంచుతోందేమో?"

న్యాయమైన ప్రశ్న. భూమి స్వాధీనం వదలకుండా బ్యాంకుకో, సహకార సంఘానికో తనఖా పెట్టే వీలు చట్టంలో ఉంది. బాకీ తీరకపోతే ఇంకో గిరిజనుడే కొనాలి, అంతే. బ్యాంకులు మొహం చాటేయడం చట్టం తప్పు కాదు. ఇహ అమ్మకం స్వేచ్ఛ గురించి. మన జిల్లాల్లో హైవే పక్క చిన్న రైతులు భూములు అమ్ముకున్నారు. పదేళ్ళ తర్వాత ఆ వెంచరు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఎవరున్నారో మనందరికీ తెలుసు. చట్టంలో లోపాలుంటే మార్చాలనే అడగొచ్చు. అడిగేది వాళ్ళయి ఉండాలి, కొనబోయేవాళ్ళం మనం కాకూడదు.

ఒక సోదరి అడిగారు: "మీరు చెప్పినవన్నీ ఏళ్ళు పట్టే పనులు. ఈలోగా ఒక పిల్లకి నీళ్ళొస్తే తప్పేముంది?"

తప్పేం లేదమ్మా. అందుకే డబ్బు వద్దనలేదు. నీళ్ళు ఈ నెలలోనే రావాలి. కానీ పైపు వేసిన మర్నాడు ఆ ఊటున్న కొండనే ఎవరికో రాసిచ్చేస్తే మన పైపులో ఏం వస్తుంది? అనంతగిరి వైపు పంప్డ్ స్టోరేజి జలవిద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదనలు వచ్చినప్పుడు అక్కడి ఆదివాసీలు అడుగుతున్నది సరిగ్గా ఇదే. పైపుకి డబ్బివ్వండి, కొండకి కూడా కాపలా ఉండండి అంటున్నాను.

ఆ ముసలామె మమ్మల్ని ఆఫీసర్లా అని అడిగింది. ఈసారి వెళ్తే ఆ ప్రశ్నకి నేనే జవాబు చెప్పాలని నా కోరిక. ఆఫీసర్లం కాదమ్మా, కింద ఊరి వాళ్ళం, మీ కొండ నీళ్ళు తాగినవాళ్ళం అని. అదైనా ఆమెకి అర్థమయ్యే భాషలో చెప్పాలని నాలుగు ముక్కలు నేర్చుకుంటున్నాను.

తీర్మానం మీద ఓటు వచ్చే సమావేశంలో. దయచేసి అందరూ రండి. సెలవు.